సరిహద్దు జిల్లాల్లో వృద్ధుల గుండె వైఫల్యం: మంచి మందులున్నా లెక్క ఎక్కడ తప్పుతోంది?

క్లుప్తంగా: గుండె పంపింగ్ తగ్గినవారికి ఇప్పుడు వాడుతున్న మందులు డెబ్భై ఏళ్ళు దాటినవారికీ మేలు చేస్తాయి. వయసొక్కటే చూసి వాటిని ఆపడానికి ఆధారం లేదు. కాకపోతే వీటిలో చాలావాటిని కిడ్నీ, పొటాషియం, బీపీ గమనించుకుంటూ వాడాలి. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల్లో వైద్యం రెండు రాష్ట్రాల మధ్య నడుస్తుంది కాబట్టి ఆ గమనింపు మధ్యలో తెగిపోతోంది. ఒకే మందు రెండు పేర్లతో పడడం, రక్తపరీక్షలు ఆగిపోవడం, నొప్పి సూదులు, నెలవారీ మాత్రల ఖర్చు, అసలు చిక్కులు ఇవి.

రెండు రాష్ట్రాల చీటీలు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సు అయినప్పుడు బరంపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు మద్రాసు నుంచి విడిపోయి అందులో చేరాయి. పాలన మారినా పెళ్ళిసంబంధాలు, వ్యాపారం, వైద్యం రెండు వైపులా సాగుతూనే వచ్చాయి. ఇప్పటికీ గజపతి జిల్లా తెలుగువారు జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్తారు. రాయగడ, కోరాపుట్ వైపు వాళ్ళకు విశాఖ రైలే దారి. ఇటు ఇచ్ఛాపురం, కవిటి వాళ్ళు అంతే మామూలుగా బరంపురం వెళ్తారు. అక్కడి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ 1962 నుంచి ఉంది. కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ 2017లో వచ్చింది.

కాలు విరిగితేనో కంటికి శుక్లాలు వస్తేనో ఇలా ఊరు మారడం వల్ల పెద్ద నష్టం లేదు. చికిత్స ఒకచోట మొదలై అక్కడే ముగుస్తుంది. గుండె వైఫల్యం అలాంటిది కాదు. ఆయాసం తగ్గించి ఇంటికి పంపిన రోజున చికిత్స సగం కూడా అయినట్టు కాదు. ఆ తర్వాతి వారాల్లో మోతాదులు పెంచడం, పరీక్షలు చేయడం, నీరు మళ్ళీ చేరుతోందా అని చూడడం ఉంటాయి. అడ్మిట్ చేసుకున్న డాక్టరు విశాఖలో, మాత్రలు కొనే షాపు గుణుపురంలో, బీపీ చూసే ఆర్‌ఎంపీ ఊళ్ళో, షుగర్ డాక్టరు బరంపురంలో ఉంటే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. ప్రతి డాక్టరూ తన చీటీ తాను సరిగ్గానే రాస్తాడు. అన్ని చీటీలూ ఒకచోట పెట్టి చూసేవాళ్ళు ఉండరు.

పంపింగ్ లెక్క దేన్ని చెబుతుంది

గుండె వైఫల్యం అంటే శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె నెట్టలేకపోవడం, లేదా మామూలు ఒత్తిడితో రక్తాన్ని లోపలికి తీసుకోలేకపోవడం. వెనక ఆగిన రక్తం ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచితే ఆయాసం వస్తుంది, పడుకుంటే ఊపిరాడదు. కాళ్ళ వైపు పెంచితే పాదాలు పొంగుతాయి. ఎకో పరీక్షలో వచ్చే శాతాన్నే డాక్టర్లు "పంపింగ్" అంటారు. గుండె ఎడమ గది ప్రతి కొట్టుకునే సారీ తనలోని రక్తంలో ఎంత భాగాన్ని బయటికి పంపుతోందో అది చెబుతుంది. 40 శాతం, అంతకు లోపు అయితే పంపింగ్ తగ్గిన రకం. 50, ఆపైన ఉండి కూడా లక్షణాలు, ఇతర ఆధారాలు ఉంటే గుండె కండరం బిగుసుకున్న రకం. 41 నుంచి 49 మధ్యది నడిమి రకం.

వృద్ధుల్లో ఈ తేడా చాలా ముఖ్యం. ఏళ్ళ తరబడి బీపీ ఉన్న పెద్దవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, రెండో రకం ఎక్కువ. "ఎకోలో పంపింగ్ 60 ఉంది, గుండె బాగుంది" అన్న మాట విని ఆయాసాన్ని వయసు మీదకు నెట్టేయడం తరచూ జరిగే పొరపాటు. పైగా మొదటి రకానికి ఆయుష్షు పెంచుతాయని రుజువైన మందుల్లో కొన్ని రెండో రకంలో అంత ఫలితం చూపలేదు. ఏ రకమో తెలియకుండా మందు రాయడం కుదరదు. చీటీతోపాటు ఎకో రిపోర్టు కూడా దాచుకోవాలనడం అందుకే.

నాలుగు జాతుల మందులు, వాటి పని

పంపింగ్ తగ్గగానే శరీరం తనను తాను కాపాడుకోబోతుంది. అడ్రినలిన్ పెంచి గుండెను వేగంగా కొట్టిస్తుంది. కిడ్నీల ద్వారా ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. రక్తనాళాలను బిగిస్తుంది. కొన్ని గంటలపాటు ఇది మేలే. నెలల తరబడి సాగితే అలిసిన ఎద్దును ములుగర్రతో పొడిచి దున్నించినట్టవుతుంది, గుండె కండరం ఇంకా పాడవుతుంది. ఇప్పటి చికిత్సంతా ఈ ప్రతిస్పందనను అణచడం మీదే నిలబడింది.

మొదటి జాతి, నాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునేవి: ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, లేదా టెల్మిసార్టాన్, వల్సార్టాన్ లాంటివి. 1987లో కన్సెన్సస్ అనే పరీక్షలో (రోగులకు మందు ఇచ్చి ఫలితం కొలిచే అధ్యయనం) తీవ్ర దశలో ఉన్న 253 మందిలో ఎనలాప్రిల్ ఆరు నెలల మరణాలను 40 శాతం తగ్గించింది. ఆ రోగుల సగటు వయసు డెబ్భైకి దగ్గర. 2014లో పారడైమ్ పరీక్షలో సాకుబిట్రిల్-వల్సార్టాన్ జోడీ ఎనలాప్రిల్‌ను కూడా మించింది. గుండె మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే 20 శాతం తగ్గాయి.

రెండో జాతి బీటా బ్లాకర్లు, అంటే గుండె మీద అడ్రినలిన్ పనిని అడ్డుకునేవి. బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్, కార్వెడిలాల్, ఈ మూడూ 1999 నుంచి 2001 మధ్య జరిగిన పెద్ద పరీక్షల్లో మరణాలను మూడో వంతు వరకు తగ్గించాయి. బీపీకి ఎప్పటినుంచో వాడుకలో ఉన్న అటెనొలాల్‌కు గుండె వైఫల్యంలో ఇలాంటి రుజువు లేదు. పైగా అది కిడ్నీల ద్వారానే పోతుంది కాబట్టి వృద్ధుల ఒంట్లో పేరుకుంటుంది. "బీటా బ్లాకర్ వాడుతున్నారుగా" అని సరిపెట్టుకోకుండా ఏదో చూడాలి.

మూడోది స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్. ఇవి ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరాన్‌ను అడ్డుకుంటాయి. 1999 నాటి రేల్స్ పరీక్షలో స్పైరనోలాక్టోన్ మరణాలను 30 శాతం తగ్గించింది. నాలుగోది మొదట షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. షుగర్ లేనివారికి కూడా ఇవి పనిచేస్తాయని 2019, 2020 పరీక్షలు చూపాయి. పంపింగ్ బాగున్న రకంలో కూడా ప్రయోజనం ఉందని 2021, 2022లో తేలింది. ఆ రకానికి అప్పటిదాకా చెప్పుకోదగ్గ మందే లేదు కాబట్టి వృద్ధుల చికిత్సలో ఇది పెద్ద మార్పు. బీపీని పెద్దగా తగ్గించవు, మోతాదు పెంచే పని లేదు. మూత్రం దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్ మాత్రం కొందరిలో వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసే పెద్దవాళ్ళు ఉంటారు.

ఫ్రూసెమైడ్, టార్సెమైడ్ లాంటి నీరు తీసే మాత్రలు ఈ నాలుగింటిలోకి రావు. ఆయాసం, వాపు తగ్గించడంలో వాటికి సాటి లేదు. కానీ ఆయుష్షు పెంచుతాయని రుజువు లేదు. మాత్ర వేసుకోగానే ఊపిరి తేలికపడుతుంది కాబట్టి ఇళ్ళలో దీన్నే అసలు మందు అనుకుంటారు. వాడుతున్నట్టే తెలియని మిగతా వాటిని డబ్బు తక్కువైనప్పుడు ముందు ఆపేస్తారు. నష్టం మొదలయ్యేది ఇక్కడే.

వయసు అడ్డు వస్తుందా

"ఈ వయసులో ఇన్ని మందులు తట్టుకోలేరు" అనే మాట ఇంట్లోవాళ్ళ నుంచీ వినిపిస్తుంది, కొందరు డాక్టర్ల నుంచీ వినిపిస్తుంది. డెబ్భై నిండినవారినే తీసుకుని చేసిన పరీక్ష 2005 నాటి సీనియర్స్. 2,128 మందిలో నెబివొలాల్ అనే బీటా బ్లాకర్ మరణం లేదా గుండె కారణంగా ఆసుపత్రిలో చేరడాన్ని 14 శాతం తగ్గించింది. డాపాగ్లిఫ్లోజిన్ పరీక్షలను వయసు వారీగా విడదీసి చూసినప్పుడు కూడా పెద్దవాళ్ళలో ప్రయోజనం తగ్గలేదు. లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. పెద్దవాళ్ళకు ముప్పు ఎక్కువ కాబట్టి, శాతంలో అదే తగ్గుదల ఉన్నా కాపాడబడే మనుషుల సంఖ్య వాళ్ళలోనే ఎక్కువ.

మన దేశంలో ఈ జబ్బు త్వరగా వస్తుంది. 53 ఆసుపత్రుల్లో 10,851 మంది వివరాలు సేకరించిన జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో సగటు వయసు 60కి దగ్గర ఉంది. అమెరికాలో ఆసుపత్రిలో చేరేవారి సగటు వయసు డెబ్భై దాటుతుంది. అదే రిజిస్ట్రీలో 90 రోజుల్లో 14.2 శాతం మంది చనిపోయారు. పంపింగ్ తగ్గినవారిలో పూర్తి స్థాయి మందులు అందినవారు సగానికి లోపే. పెద్ద ఆసుపత్రుల్లోనే పరిస్థితి ఇలా ఉంటే, అక్కడికి రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఊళ్ళలో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అయితే పరీక్షల్లో చేరే వృద్ధులు కాస్త నిటారుగా నడవగలిగినవాళ్ళు. మంచం పట్టినవారు, తరచూ పడిపోయేవారు, మతిమరుపు ముదిరినవారు వాటిలో చాలా తక్కువ. వాళ్ళ విషయంలో మోతాదు తక్కువగా మొదలుపెట్టి మెల్లగా పెంచడమే పద్ధతి: బిసోప్రొలాల్ 1.25 మిల్లీగ్రాములు, స్పైరనోలాక్టోన్ 12.5. పూర్తి మోతాదు చేరలేకపోయినా, ఒక్క మందునే గరిష్ఠానికి తీసుకెళ్ళడం కన్నా నాలుగు జాతులూ కొద్దికొద్దిగా ఉండడం మేలన్నది ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

కిడ్నీ రిపోర్టు చూపించనిది

వృద్ధులకు మందు వికటించడానికి ప్రధాన కారణం కిడ్నీ. చిక్కేమిటంటే రిపోర్టు కాగితం దాన్ని దాచేస్తుంది. కిడ్నీ పనితనం తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ అనే వ్యర్థం కండరం నుంచి వస్తుంది. కండరం కరిగిపోయిన సన్నని ముసలామెలో అది తక్కువే తయారవుతుంది. రిపోర్టులో 1.2 కనిపిస్తే ల్యాబ్ దాని పక్కన గుర్తు పెట్టకపోవచ్చు. వయసు, లింగం కలిపి సూత్రంలో వేస్తే 30 ఏళ్ళ మగవాడికి అదే 1.2కి కిడ్నీ వడపోత (నిమిషానికి మిల్లీలీటర్లలో) సుమారు 83 వస్తుంది. 78 ఏళ్ళ ఆమెకు 46 దగ్గరే ఆగిపోతుంది. అంటే అంకె ఒకటే అయినా ఆమె కిడ్నీ పనితనం అతనిదానిలో దాదాపు సగం.

సరిహద్దు తీరంలో దీనికి ఇంకో భారం తోడవుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఉంది. బీపీ, షుగర్ లేనివారికీ, పొలం పనులు చేసే నడివయసు వారికీ వస్తుంది. అక్కడినుంచి బరంపురం వెళ్ళి చూపించుకునే గుండె రోగికి కిడ్నీ పరీక్ష లేకుండా మోతాదు రాయడం ప్రమాదం. ఈ నేపథ్యాన్ని చీటీ రాసేవారికి రోగే చెప్పాలి. ఒడిశా వైపు డాక్టరుకు ఊరి పేరు చూడగానే అది తట్టకపోవచ్చు.

కిడ్నీ మందగించినప్పుడు పొటాషియం పెరుగుతుంది. మొదటి జాతి, మూడో జాతి మందులు రెండూ పొటాషియాన్ని పెంచేవే. అది 5.5 దాటితే మోతాదు తగ్గించాలి, 6 దాటితే ఆపాలి. లక్షణాలేవీ లేకుండానే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. రక్తపరీక్ష తప్ప దీన్ని పట్టుకునే దారి లేదు.

దీనికి కెనడాలోని ఒంటారియో అనుభవం పాఠం లాంటిది. రేల్స్ పరీక్షలో రోగుల సగటు వయసు 65. పొటాషియం ఎక్కువున్నవారిని, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారిని చేర్చుకోలేదు, తరచూ పరీక్షించారు. ఫలితాలు రాగానే ఒంటారియోలో 66 ఏళ్ళు దాటినవారికి స్పైరనోలాక్టోన్ విరివిగా రాశారు. గుండె వైఫల్యం ఉండి మొదటి జాతి మందు వాడుతున్నవారిలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 మంది. 2001 నాటికి 11 మంది అయ్యారు. ఆ కారణంతో మరణాలూ పెరిగాయి. 2004లో ఈ లెక్క బయటపడ్డాక చాలామంది ఆ మందంటేనే భయపడ్డారు. కానీ 2010లో స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంతం లెక్కలు వచ్చాయి. అక్కడ కూడా వాడకం బాగా పెరిగింది. దాంతోపాటు రక్తపరీక్షలూ పెరిగాయి. ఆసుపత్రి చేరికల్లో అలాంటి పెరుగుదల కనిపించలేదు. మందు రెండు చోట్లా ఒకటే. రక్తపరీక్షల గమనింపే తేడా తెచ్చి ఉండొచ్చు. మొదలుపెట్టిన వారానికి ఒకసారి, నెలకు ఒకసారి, ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి పరీక్ష చేయించాలనడం అందుకే.

క్రియాటినిన్ కాస్త పెరిగిందని భయపడి అన్నీ ఆపేయడం రెండో వైపు తప్పు. మొదటి జాతి మందు మొదలుపెట్టాక 30 శాతం వరకు పెరుగుదల ఊహించిందే. అది కిడ్నీ పాడైనట్టు కాదు. చాలామంది అక్కడే మందు మానేస్తారు, మళ్ళీ ఎవరూ మొదలుపెట్టరు.

డిగాక్సిన్ గురించి ఒక మాట. 1997 నాటి పరీక్షలో 6,800 మందిలో అది మరణాలను తగ్గించలేదు, ఆసుపత్రి చేరికలను తగ్గించింది. ఇప్పటికీ కొందరికి, ముఖ్యంగా గుండె లయ తప్పినవారికి పనికొస్తుంది. కిడ్నీ ద్వారానే పోతుంది కాబట్టి ముసలివాళ్ళలో చిన్న మోతాదే విషమవుతుంది. ఆకలి చచ్చిపోవడం, వికారం, నాడి బాగా నెమ్మదించడం, చూపు పచ్చగా మారడం దాని గుర్తులు. ఆకలి లేకపోవడాన్ని వయసు అనుకుని వదిలేయకూడదు.

ఒకే మందు, రెండు పేర్లు

సరిహద్దులో ప్రత్యేకంగా ఎదురయ్యే ప్రమాదం ఇది. విశాఖలో డిశ్చార్జి చీటీ మీద సాకుబిట్రిల్-వల్సార్టాన్ ఒక కంపెనీ పేరుతో ఉంటుంది. బరంపురంలో అంతకుముందు రాసిన బీపీ మాత్ర టెల్మిసార్టాన్ ఇంట్లో ఇంకా నడుస్తూ ఉంటుంది. పేర్లు వేరు, డబ్బాలు వేరు, రంగులు వేరు. పని ఒకటే. రెండూ కలిస్తే బీపీ పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. ఇలాంటి రెండు మందులను కావాలనే కలిపి చూసిన ఆన్‌టార్గెట్ పరీక్ష 2008లోనే లాభం లేదని, కిడ్నీకి నష్టమని తేల్చింది.

పాత మాత్ర రామిప్రిల్ అయితే ఇంకా ముప్పు. సాకుబిట్రిల్, రామిప్రిల్ రెండూ బ్రాడికైనిన్ అనే పదార్థం విరిగిపోకుండా ఆపుతాయి. అది పేరుకుంటే నాలుక, గొంతు వాచి ఊపిరి అందకుండా పోవచ్చు. అందుకే ఒకటి మాని రెండోది మొదలుపెట్టడానికి కనీసం 36 గంటల తేడా ఉండాలి. ఈ మాట డిశ్చార్జి రోజున చెప్పే ఉంటారు. ఇంటి దగ్గర మాత్రలు చూసుకునే కోడలు ఆ రోజు ఆసుపత్రిలో లేకపోతే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

భాష కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. చీటీ ఇంగ్లిషులో ఉంటుంది. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రి కౌంటర్లో మందు ఎలా వేసుకోవాలో ఒడియాలో చెబుతారు. బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడే తెలుగువారు చాలామంది. కానీ ఇల్లు దాటని పెద్దవాళ్ళకు "సగం మాత్ర, రోజు విడిచి రోజు" అన్నది తమ భాషలో వినకపోతే బుర్రకెక్కదు. షాపులో ఆ బ్రాండు లేకపోతే ఇంకో బ్రాండు ఇస్తారు. పాతది మిగిలి ఉంటే రెండూ వేసుకోవడం మొదలవుతుంది. మాత్ర స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసి పోల్చుకోవడమే దీనికి విరుగుడు. చదువుకున్న మనవడో మనవరాలో పది నిమిషాలు కూర్చుంటే అయ్యే పని.

నొప్పి సూది, మూడు మందుల షుగర్ మాత్ర

మోకాళ్ళ నొప్పులు లేని వృద్ధులు అరుదు. ఊళ్ళో డైక్లోఫినాక్ సూది, ఎసిక్లోఫినాక్ మాత్ర సులువుగా దొరుకుతాయి. కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మందులు ఆపేస్తాయి. దాంతో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, నీరు తీసే మాత్ర మొద్దుబారుతుంది. రామిప్రిల్ లాంటిది కూడా వాడుతుంటే కిడ్నీ ఉన్నట్టుండి చతికిలబడుతుంది. నాలుగైదు రోజుల నొప్పి మాత్రలతోనే ఆయాసం తిరగబెట్టి ఆసుపత్రిలో చేరేవారు ఉంటారు. ఇంట్లో "పారాసిటమాలే కదా" అని ఇచ్చేది చాలాసార్లు ఎసిక్లోఫినాక్ కలిపిన మాత్ర. ఒట్టి పారాసిటమాల్, పైపూత, కాపడం వీళ్ళకు నయం.

మూడు మందులు కలిపిన షుగర్ మాత్రల్లో పియోగ్లిటజోన్ ఉండేవి ఉన్నాయి. అది శరీరంలో నీరు నిలుపుతుంది కాబట్టి గుండె వైఫల్యం ఉన్నవారు వాడకూడదు. బీపీకి వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్ పంపింగ్ తగ్గినవారికి హాని. ఆమ్లోడిపిన్ గుండెకు హాని చేయదు గానీ కాళ్ళు పొంగిస్తుంది. ఆ పొంగు చూసి నీరు తీసే మాత్ర పెంచితే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే తల తిరిగి పడతారు. తుంటి ఎముక విరిగితే, ఆ వయసులో అది గుండె జబ్బు కన్నా తక్కువేమీ కాదు. అందుకే పెద్దవాళ్ళకు బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడాలి.

చద్దన్నం, ఎండుచేప, కొబ్బరి బొండాం

వేసవిలో ఒడియా ఇళ్ళలో పొఖాళ, తెలుగు ఇళ్ళలో చద్దన్నం ఉంటాయి. రెండింటిలోనూ ఉప్పు వేసుకుంటారు. పక్కన ఆవకాయ, వడియాలు, తీరం వెంబడి ఎండుచేప. ఒక్కో ముద్దలో ఉప్పు తెలియదు, రోజంతా కలిపితే ఎక్కువవుతుంది. అలాగని చప్పిడి పథ్యం పెట్టడం కూడా సరికాదు. 806 మందితో 2022లో జరిగిన సోడియం హెచ్‌ఎఫ్ అనే అధ్యయనంలో, ఉప్పును మరీ తగ్గించినంత మాత్రాన మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గలేదు. చప్పిడి తిండి సహించక అన్నం మానేసిన వృద్ధులు బలహీనపడి ఇంకా చిక్కుల్లో పడతారు. పచ్చడి, ఎండుచేప, అప్పడం తగ్గించి కూరలో మామూలు ఉప్పు ఉంచడం ఆచరణలో సాధ్యం. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది కాబట్టి స్పైరనోలాక్టోన్ వాడేవారికి అది మంచిది కాదు.

కొబ్బరి బొండానికీ ఇదే వర్తిస్తుంది. నీరసంగా ఉంటే బొండాం తాగించడం కొబ్బరితోటల ప్రాంతంలో అందరూ చేసేదే. ఒక పెద్ద బొండాం నీళ్ళలో మామూలు అరటిపండులో కన్నా ఎక్కువ పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవారికి ఏమీ కాదు. కిడ్నీ మందగించి, పొటాషియం పెంచే మందులు రెండు వాడుతున్నవారు రోజూ తాగితే ప్రమాదమే.

ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు అయినప్పుడు కూడా నీరు తీసే మాత్ర, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ యథాప్రకారం వేస్తే ఒళ్ళు ఎండిపోయి కిడ్నీ ఆగిపోవచ్చు. అలాంటి రెండు మూడు రోజులు ఏది ఆపాలో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో డాక్టరుతో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోవడం మంచిది. సొంతంగా ఆపేసి తిరిగి మొదలుపెట్టకపోవడం ఎక్కువగా జరుగుతుంది.

ఖర్చు ఎక్కడ తగ్గింది, ఎక్కడ తగ్గలేదు

ఈ అయిదారేళ్ళలో ధరల విషయంలో మేలే జరిగింది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, సాకుబిట్రిల్-వల్సార్టాన్‌ది 2023లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. 60 రూపాయల దాకా ఉన్న ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర కొన్ని కంపెనీల నుంచి పది రూపాయల లోపే దొరుకుతోంది. మిగతా పాత మందులు మొదటినుంచీ చవకే. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2015 నుంచి నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు.

బీమా పథకాల తీరు మాత్రం ఈ జబ్బుకు సరిపడదు. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ రక్షణ 2024 అక్టోబరులో మొదలైంది. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది. సరిహద్దు దాటి చికిత్స చేయించుకునేవారికి ఇది నిజంగా ఊరట. కానీ అది ఆసుపత్రి పడకకు డబ్బిస్తుంది. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి, డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకే మందులు, పరీక్షలు అందులోకి వస్తాయి. గుండె వైఫల్యంలో ప్రాణం నిలబెట్టేది పదహారో రోజు నుంచి ఏళ్ళ తరబడి వేసుకునే మాత్ర, మూడు నెలలకోసారి చేయించే పరీక్ష. పథకం ఆ రెండింటినీ వదిలేసి, అవి ఆగిపోయి ఆయాసం తిరగబెట్టినప్పుడు మళ్ళీ పడకకు చెల్లిస్తుంది.

డిశ్చార్జి తర్వాతి ఆరు వారాలు

ముందుముందు ఫలితం ఎక్కడ మారగలదో 2022లో వచ్చిన స్ట్రాంగ్ హెచ్‌ఎఫ్ పరీక్ష చూపింది. 85 ఏళ్ళ వరకు వయసున్న 1,078 మందిని తీసుకుని, ఒక వర్గానికి డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే మోతాదులు పూర్తి స్థాయికి పెంచారు. ఒకటి, రెండు, మూడు, ఆరు వారాలకు పిలిచి బీపీ, నాడి, నీరు, రక్తపరీక్షలు చూశారు. ఆరు నెలల్లో మరణం లేదా గుండె వైఫల్యంతో మళ్ళీ చేరడం ఆ వర్గంలో 15.2 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 23.3 శాతం. కొత్త మందేమీ వాడలేదు. ఉన్న మందులనే దగ్గరుండి పెంచారు.

రాయగడ నుంచో మల్కన్‌గిరి నుంచో విశాఖకు ఆరు వారాల్లో నాలుగుసార్లు ముసలివారిని తీసుకెళ్ళడం ఏ కుటుంబానికైనా భారమే. అయితే ఆ నాలుగు సందర్శనల్లో జరిగే పనికి క్యాథ్ ల్యాబ్ (గుండె నాళాల్లోకి గొట్టం పంపి చూసే గది) అక్కర్లేదు. బరువు చూడడం, నిలబెట్టి బీపీ చూడడం, పాదాలు నొక్కి చూడడం, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు, ఇవన్నీ జిల్లా ఆసుపత్రిలో కుదురుతాయి. చాలావరకు పట్టణంలోని మామూలు ల్యాబులోనూ కుదురుతాయి. మందు మొదలుపెట్టిన డాక్టరు ఫోనులో ఆ అంకెలు విని మోతాదు చెప్పగలరు. అలా అంకెలు పంపమని డిశ్చార్జి కాగితంలోనే తేదీలతో రాసి ఇచ్చే ఆసుపత్రి రోగిని సగం దూరం దగ్గర చేసినట్టే.

మరీ బలహీనపడినవారి సంగతి వేరుగా చూడాలి. తొంభైకి చేరువై, మంచం మీదే ఉన్న మనిషికి ఆయుష్షు పెంచే మాత్రల కన్నా ఊపిరి ఆడడం, రాత్రి నిద్రపట్టడం, ఆసుపత్రికి మోసుకెళ్ళే పని తప్పడం ముఖ్యం కావచ్చు. అక్కడ మాత్రలు తగ్గించడమూ వైద్యమే. నీరు తీసే మాత్ర ఉంచి, పదేళ్ళ తర్వాత గానీ ఫలితం ఇవ్వని వాటిని తీసేయొచ్చు. ఈ నిర్ణయంలో ఆ పెద్దమనిషిని అడగకుండా కొడుకులే మాట్లాడుకోవడం మన ఇళ్ళలో మామూలు. అడిగితే చాలామంది తమకేం కావాలో స్పష్టంగానే చెబుతారు.

మిగతావారి విషయంలో ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద రాయడం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం మొదలవకముందే డాక్టరుకు ఫోన్ చేస్తే తరచూ మోతాదు మార్పుతో సరిపోతుంది. ఏ రాష్ట్రం డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ క్యాలెండరు, ఎకో రిపోర్టు, చివరి కిడ్నీ రిపోర్టు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ స్ట్రిప్‌లతో సహా ఒకే సంచిలో వెంట ఉండాలి. నొప్పి మాత్రలు, ఆయుర్వేదం మందులు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు లేని పొట్లాలు కూడా అందులోనే.